కుప్పకు కాపలా: చక్కెర దుంపల మధ్య ఒక చెరకువాడు

మోరిస్‌విల్‌లో మా టౌన్‌హోమ్‌ల వెనక ఒక నడకదారి ఉంది. సాయంత్రాలు అక్కడ నడిచేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు, మిగతా సగం వాళ్లని కన్నవాళ్లు. నేను రెండు వర్గాల్లోనూ లేను గనక పరిచయాల దగ్గర కొంచెం ఇబ్బంది పడుతుంటాను.

"మీరేం చేసేవారు అంకుల్?" అని ఆమధ్య సాహితి అనే అమ్మాయి అడిగింది. దగ్గర్లోని యూనివర్సిటీలో ఫుడ్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేస్తోంది.

"షుగర్‌లో ఉండేవాణ్ణమ్మా."

"అయ్యో! ఇప్పుడు కంట్రోల్‌లో ఉందా అంకుల్?"

"రిటైరయ్యాక వచ్చింది," అన్నాను. తర్వాత అసలు సంగతి చెప్పాను. చక్కెర దుంపల నుంచి చక్కెర తీసే ఫ్యాక్టరీలో కెమిస్టుగా నా ఉద్యోగకాలమంతా గడిచిందని విని ఆ అమ్మాయి ఆగిపోయింది.

"నాకు మిన్నెసోటాలో బీట్ షుగర్ ప్లాంట్‌లోనే ఆఫర్ వచ్చింది అంకుల్, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద. ఫ్రెండ్సందరూ రిజెక్ట్ చేసెయ్యమంటున్నారు. డేటా ఇంజినీరింగ్ కోర్స్ చేసి ఏదైనా కన్సల్టెన్సీలో జాయిన్ అవ్వమంటున్నారు. అసలు ఆ జాబ్ ఎలా ఉంటుంది?"

నడుస్తూ చెప్పే జవాబు కాదని, రాసి ఇస్తానని మాటిచ్చాను. "పాపం ఆ పిల్ల జాబ్ ఎలా ఉంటుందని అడిగింది, మీ జీవితం ఎలా ఉందని కాదు," అని మా ఆవిడ ముందే హెచ్చరించింది. ఆ హద్దులో ఉండడానికి ప్రయత్నిస్తాను. ప్రమోషన్ల జోలికి వెళ్లను. వెళ్లడానికి అవి పెద్దగా లేవు కూడా.

దుంప తెగ

చిన్నప్పుడు నేను ఏ వెధవ పని చేసినా మా అమ్మ "నీ దుంప తెగ!" అని తిట్టేది. తల్లి నోటి మాట ఊరికే పోదనడానికి నేనే సాక్ష్యం. ఉద్యోగమంతా నా కళ్లెదుట దుంపలు తెగుతూనే ఉన్నాయి.

చక్కెర దుంప మన కూరకొచ్చే ఎర్ర బీట్‌రూట్‌కి దగ్గర చుట్టమే గానీ రంగు తెలుపు. లావుపాటి ముల్లంగిలా, కింద కోసుగా ఉంటుంది. దాన్ని సన్నటి పేలికలుగా తరుగుతారు. వేడినీళ్లలో నానబెడితే తీపి నీళ్లలోకి దిగుతుంది. ఆ రసానికి సున్నం కలిపి, మలినాలు సున్నంతో పాటు అడుగు పట్టేలా చేసి, గుడ్డల గుండా వడగట్టి, కాచి, పాకం పట్టి, చక్కెర గింజ కట్టిస్తారు. మిగిలిన పిప్పి పశువుల మేతకి పోతుంది. ఫ్యాక్టరీలో వాసన ఎలా ఉంటుందో రాయను. అది అక్కడికి వెళ్లాక నీకే తెలుస్తుంది, మీ ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా తెలుస్తుంది.

నేను చదువుకుని మొదట చేరింది గోదావరి జిల్లాలో చెరకు ఫ్యాక్టరీలో. తర్వాత నార్త్ డకోటాలో మాస్టర్స్ చేసి, మిన్నెసోటా సరిహద్దున రెడ్ రివర్ లోయలో ఒక దుంపల ఫ్యాక్టరీలో పడ్డాను. ఆ చలి గురించి ఎవరూ చెప్పలేదని అనను. చెప్పినవాళ్లు నవ్వుతూ చెప్పారు, నేను నమ్మలేదు.

చెరకుకీ దుంపకీ ఉన్న అసలు తేడా నాకు చలికాలంలో అర్థమైంది. చెరకు కొట్టాక ఒక్క రోజు ఆలస్యమైనా తీపి దిగిపోతుంది. బండి నేరుగా గానుగ దగ్గరికి రావాల్సిందే. దుంప అలా కాదు. అక్టోబరులో కొద్ది వారాల్లోనే రైతులందరూ చేలు తవ్వేసి దుంపలన్నీ ఫ్యాక్టరీ ఆవరణలో పోస్తారు. రెండంతస్తుల ఇంటి ఎత్తున, ఒక వీధి పొడవున కుప్ప లేస్తుంది. ఫ్యాక్టరీ దాన్ని వసంతం దాకా కొంచెం కొంచెంగా తింటుంది. చలే దానికి గోదాము. కప్పు ఉండదు, గోడ ఉండదు.

కాకపోతే కుప్పలో ఉన్న దుంప చచ్చిపోదు, ఊపిరి పీలుస్తుంటుంది. ఒక చోట చెడ్డ దుంపలు పడితే అవి మెత్తబడి వేడెక్కుతాయి, పక్కవాటిని వేడెక్కిస్తాయి. తెల్లవారుజామున కుప్పలోంచి ఆవిరి లేవడం చూడ్డానికి అందంగానే ఉంటుంది, దాని అర్థం తెలియనివాళ్లకి. పైగా మాది రైతుల సహకార సంఘం. కుప్పలో పడ్డాక దుంపకి యజమాని పేరుండదు. బాగుంటే అందరిదీ బాగుంటుంది, కుళ్లితే అందరిదీ కుళ్లుతుంది.

అందుకని కోతల కాలంలో కాటా దగ్గర నిలబడి, ఏ దుంప కుప్పలోకి వెళ్లొచ్చో ఏది వెళ్లకూడదో చెప్పడం నా వంతు. నా కార్డు మీద చీఫ్ కెమిస్ట్ అని ఉండేది. నేను చేసింది కాపలా. కుప్ప కుప్పకూలకుండా చూడడం.

యుద్ధం పెంచిన పంట

దుంపల చక్కెర శాంతికాలపు బిడ్డ కాదని మా మేనేజర్ వాల్ట్ చెప్పేవాడు. యూరప్‌లో యుద్ధాలప్పుడు సముద్రం మీద ఓడలు ఆగిపోయి, దీవుల నుంచి చెరకు చక్కెర రాక, రాజులు దుంపల వైపు చూశారు. అమెరికా మొదట్లో దుంప విత్తనాన్ని కూడా యూరప్ నుంచే కొనేది. అక్కడ యుద్ధమొచ్చి విత్తనం ఆగాక, ఇక్కడే పండించుకోక తప్పింది కాదు. ఆ తర్వాతి పెద్ద యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోతే చేలలో కలుపు తీసినవాళ్లు యుద్ధఖైదీలు, మెక్సికో నుంచి వచ్చిన కూలీలు, జపాను మూలాలున్నందుకు ఇళ్లు వదిలించి క్యాంపుల్లో పెట్టిన ఇక్కడి పౌరులు. మన కాఫీలో కలిసే వస్తువుకి ఇంత చేదు చరిత్ర ఉంటుందని చెరకు ఫ్యాక్టరీలో నాకెవరూ చెప్పలేదు. చెరకు చరిత్ర ఇంతకంటే చేదని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

దుంపలు ఆడే కాలాన్ని ఇక్కడ సీజన్ అనరు, క్యాంపెయిన్ అంటారు. దండయాత్ర అన్నమాట. సెలవుల్లేవు, ఆదివారాల్లేవు, పన్నెండు గంటల షిఫ్టులు. యుద్ధం లేని ఏడు కూడా మాకు యుద్ధమే.

వాల్ట్ గురించి రెండు మాటలు. పెద్ద మనిషి, అన్ని కొలతల్లోనూ. పెద్ద యుద్ధం నాటికి పిల్లవాడు. వాళ్లమ్మ ఇదే ఫ్యాక్టరీలో బస్తాలు కుట్టింది. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం వాల్ట్ గొంతు మారేది. మిగతా వేళల్లో ఏడాదికి సరిపడా మాటలు లెక్కపెట్టి వాడేవాడు. అతను మంచి బాసా అని అడిగితే, ఎక్కువ భాగం అవును అంటాను. ఆ తక్కువ భాగం గురించే ఇప్పుడు చెప్పబోయేది.

ఆ ఏడు

ఇరాక్ యుద్ధం వచ్చినప్పుడు మా ఊళ్లాంటి చిన్న ఊళ్ల నుంచి చాలామంది వెళ్లారు. చదువు ఫీజుల కోసమో, తాతల నాటి అలవాటు కొద్దీనో, అవసరమైతే యుద్ధానికి పిలిచే నేషనల్ గార్డ్‌లో పేరున్నవాళ్లే అందరూ. పిలుపు రాగానే మా ఫ్యాక్టరీ సగం ఖాళీ అయింది. మెకానిక్‌లు పోయారు, బాయిలర్ దగ్గరి వాళ్లు పోయారు, ట్రక్కు డ్రైవర్లు పోయారు.

ఖాళీల్లో రిటైరైనవాళ్లని తెచ్చి నింపాం. తరిగే మిషన్ల కత్తులు మార్చే పనికి స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన పెద్దావిడ వచ్చింది. మిషన్ చప్పుడు ఎక్కువైతే ఆవిడ "ష్" అంటుందని మేం జోకులు వేసుకునేవాళ్లం. ఆవిడ కత్తులు మార్చిన తీరుకి మాత్రం ఎవరూ జోకు వెయ్యలేదు. ల్యాబ్‌లో నాకు తోడు మధు. బోధన్ వైపు కుర్రాడు, అతనూ చెరకు ఊరివాడే, హెచ్‌వన్ మీద షిఫ్ట్ కెమిస్టుగా కొత్తగా చేరాడు.

కాటా దగ్గర ఆ ఏడు ఒక పద్ధతి పుట్టింది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చింది. ఇంట్లో ఎవరైనా యుద్ధానికి వెళ్లినవాళ్లు ట్రక్కు అద్దానికి పసుపు రిబ్బను కట్టేవారు. ఆ ట్రక్కు వస్తే క్యూలో ఉన్నవాళ్లంతా పక్కకి తప్పుకుని ముందుకు పొమ్మనేవారు.

అలా ముందుకొచ్చిన ట్రక్కుల్లో ఒకటి లిండాది. ఆమె భర్త డ్యాన్ ఇరాక్‌లో ఉన్నాడు. చేలన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటోంది.

కాటా దగ్గర

దుంప నేలలో ఉన్నా దాని తల బయటికే ఉంటుంది. పైనున్న ఆకే దానికి దుప్పటి. తవ్వేముందు ఆకు కోసేస్తారు. లిండా ఒక సాయంత్రం చేలన్నిటికీ ఆకు కోయించి, పొద్దున్నే తవ్వుదామని ఉంచింది. పొద్దున తవ్వే మిషన్ కదల్లేదు. దాన్ని బాగుచేసే మెకానిక్ కూడా ఇరాక్‌లోనే ఉన్నాడు. ఎక్కడినుంచో ఇంకొకణ్ణి పిలిపించేలోపు గట్టి మంచు పడింది. చుట్టుపక్కల రైతుల దుంపలు ఆకు కింద దాక్కున్నాయి. లిండా దుంపలు బోడితలలతో మంచులో నిలబడ్డాయి.

ఆ దుంపలతో ఆమె మొదటి ట్రక్కు కాటా ఎక్కింది. మధు ఒక దుంప తీసి నిలువునా కోశాడు.

"అన్నా, గిది చూడు. తలకాయంత గాజు లెక్క కనవడుతుంది. మొత్తం నీళ్లే."

"ఇంకోటి కొయ్యి."

"శానా కోసిన అన్నా. ఒక్కటి గూడ మంచిగ లేదు."

ట్రక్కులోంచి దుంపలు దించి, మట్టి దులిపి, కుప్ప మీదికి పోసే పెద్ద యంత్రాన్ని పైలర్ అంటారు. పైలర్ నడిపేవాడు నా వైపు చూశాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. అప్పుడే వాల్ట్ వచ్చాడు. ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే గనక వాల్ట్ నాకెంత మర్యాద ఇచ్చాడో నాకిప్పటికీ తెలీదు. తెలుగులో నువ్వనే రాస్తున్నాను, ఆ రోజు గొంతుని బట్టి.

"దించనివ్వు, రావ్. అవి డ్యాన్ దుంపలు."

"ఆ సంగతి దుంపలకి తెలీదు వాల్ట్. మంచు తిన్నాయి."

"పెద్ద యుద్ధంలో మావాళ్లు ఒక్క ట్రక్కుని కూడా తిప్పి పంపలేదు. మంచు తిన్నవీ తీసుకున్నారు, మట్టి తిన్నవీ తీసుకున్నారు. మా అమ్మ ఇక్కడే..."

"అప్పటి కుప్ప క్రిస్మస్‌కల్లా అయిపోయేదని నువ్వే చెప్పావు. ఇది మార్చి దాకా ఉండాలి. మనుషుల్లేక మనం నడుస్తున్న నడకకి ఇంకా ఎక్కువే ఉండాలి."

ఈలోగా వెనక ట్రక్కుల వాళ్లు దిగి చుట్టూ చేరారు. డ్యాన్ పొరుగు రైతు రస్ ముందుకొచ్చాడు. "నావాటి మీదే పొయ్యండి. పాడైతే నావి పాడవుతాయి, ఎవడికి నష్టం?"

"నీవి ఏవో చూపించు రస్," అన్నాను.

రస్ కుప్ప వైపు చూసి తల గోక్కున్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వెనక నుంచి ఒక డ్రైవరు, "ఇరాక్‌లో ఉన్నవాడి ట్రక్కుని ఆపుతున్నది ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చాడో కొంచెం చూడండి," అన్నాడు. అందరూ తమ తమ బూట్లు చూసుకున్నారు.

మధు నా పక్కకి జరిగి తెలుగులో గొణిగాడు. "అన్నా, నా హెచ్‌వన్ రెన్యువల్ నడుస్తుంది. మనకెందుకన్నా? దించుకోనియ్యి."

"నాకూ గ్రీన్‌కార్డు రాలేదురా. నోరు మూసుకుని ఇంకో దుంప కొయ్యి."

"ఏమంటున్నాడు?" అన్నట్టు వాల్ట్ మా ఇద్దరినీ చూశాడు. "టెస్ట్ రిపీట్ చేస్తానంటున్నాడు," అన్నాను.

ఇది ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. నేను రెండు చేతులూ కోటు జేబుల్లో దాచుకున్నాను. చలికి దాచుకున్నానని వాళ్లనుకోవడం కలిసొచ్చింది. ఒక సంగతి మాత్రం గమనించాను: అక్కడున్నవాళ్లలో ఒక్కరికి కూడా చెడ్డ ఉద్దేశం లేదు. ఆ డ్రైవరుకి కూడా. అందరూ మంచితనంతోనే ఆ కుప్పని పాడుచెయ్యడానికి సిద్ధంగా ఉన్నారు.

లిండా ట్రక్కు దిగింది. సన్నటి పొడుగాటి మనిషి, ఒంటి మీద డ్యాన్ కోటు. వాల్ట్‌ని అడగలేదు, నన్ను అడిగింది.

"ఇవి ఇందులో పోస్తే ఏమవుతుంది?"

"ముందు ఇవి మెత్తబడతాయి. వేడెక్కుతాయి. చుట్టూ ఉన్నవాటిని లాగుతాయి. క్రిస్మస్‌కి ఇక్కణ్ణుంచి ఆవిరి లేస్తుంది. అప్పుడు ఎంత తవ్వి పారెయ్యాలో నేను చెప్పలేను. కొంతే కావచ్చు. అంతా కావచ్చు."

ఆమె కుప్పని ఆ చివర నుంచి ఈ చివరికి చూసింది. "ఇందులో అందరివీ ఉన్నాయి కదా."

"ఉన్నాయి."

"అయితే దించను." వాల్ట్ ఏదో అనబోతే ఆగమంది. "డ్యాన్ వచ్చాక మేం ఈ ఊళ్లోనే బతకాలి, వాల్ట్."

గానుగ పద్ధతి

అప్పుడు నాకొచ్చిన ఆలోచనకి తెలివి కారణం కాదు, పాత ఉద్యోగం కారణం. మంచు తిన్న దుంప నిలవకి పనికిరాదు గానీ, నాలుగు రోజుల పాటు అందులో చక్కెర ఉంటుంది. కుప్పలోకి వద్దు, నేరుగా మిషన్‌లోకి పంపుదాం అన్నాను. చెరకు బండి గానుగ దగ్గరికి వచ్చినట్టు.

"మనుషులు?" అన్నాడు వాల్ట్. "దించే జట్టు ఒక్కటే ఉంది. వాళ్లు పైలర్ దగ్గరైనా ఉండాలి, లోపలైనా ఉండాలి. లిండావి లోపలికి తీసుకుంటే మిగతా అందరూ తవ్వడం ఆపాలి. మళ్లీ మంచు పడుతుందంటున్నారు."

రస్ తన ట్రక్కెక్కి, రేడియోలో, "ఎవరూ ఆకులు కొయ్యకండి. కోస్తున్నవాళ్లు ఆపెయ్యండి. లిండాది అయ్యేదాకా ఇళ్లకి పోదాం," అన్నాడు. నిండు ట్రక్కుని అలాగే వెనక్కి తిప్పాడు. అతని వెనక మిగతావాళ్లు. నన్ను ఎక్కణ్ణుంచి వచ్చావన్న డ్రైవరు కూడా తిప్పాడు. సారీ చెప్పలేదు. ఆ ఇరుకు రోడ్డులో అంత పెద్ద ట్రక్కు తిప్పడం సారీ కంటే కష్టం.

తర్వాతి రోజులు అందంగా లేవు. మంచు దెబ్బకి దుంపలో జిగురు పుడుతుంది. ఆ జిగురు వడపోత గుడ్డలకి పట్టి రసాన్ని కదలనివ్వదు. మధు జిగురుని విరిచే మందు కొలుస్తూ, "అన్నా, మా ఇంట్ల గంజి గూడ దీనికంటే నయం," అనేవాడు. గుడ్డలు విప్పడం, కడగడం, మళ్లీ బిగించడం. కడగడానికి మనుషులు చాలకపోతే వాల్ట్ రబ్బరు బూట్లు వేసుకుని దిగాడు. మేనేజరు మోకాళ్ల దాకా సున్నపు నీళ్లలో నిలబడి గుడ్డలు ఉతకడం నేను చూసింది ఆ ఒక్క ఏడే. నా మాటే నిజమైందని ఒప్పుకున్నాడా అంటే, లేదు. గుడ్డలు ఉతికాడు. చక్కెర వచ్చింది. తక్కువే వచ్చింది, రంగు కూడా కాస్త పసుపు తిరిగింది, కానీ చక్కెరే.

నువ్వు చేరబోయే చోట కూడా బాసు ఏదో ఒక రోజు పొరపాటు పడతాడు, సాహితీ. ఆ రోజుని బట్టి అతన్ని లెక్కకట్టకు. మర్నాడు ఎక్కడున్నాడో చూడు.

నది పక్క చేను

లిండా చేలలో ఒకటి మిగిలింది. నది పక్కది, డ్యాన్ వాళ్ల నాన్న సాగులోకి తెచ్చినది. అంతలో వాతావరణం వాళ్లు ఈసారి చలి వస్తే పోదని, నేల గడ్డకడుతుందని చెప్పారు. పొరుగువాళ్లు వెంటనే తవ్వకపోతే వాళ్ల దుంపలు నేలలోనే ఉండిపోతాయి. ఆ చేను తీసుకుంటే వాళ్లు మునుగుతారు, వాళ్లని తవ్వనిస్తే ఆ చేను పోతుంది.

రస్ ల్యాబ్‌కి వచ్చాడు. "లిండాది పూర్తి చెయ్యండి. మేం ఆగుతాం. అందరితో మాట్లాడాను," అని చెప్పి, జవాబు వినకుండా వెళ్లిపోయాడు.

"వీళ్లు మంచోళ్లే గాని అన్నా," అన్నాడు మధు తలుపు వైపు చూస్తూ, "గింత మంచితనం మన ప్లాంట్ హ్యాండిల్ చెయ్యలేదు."

వాల్ట్ ఏమీ తేల్చలేదు. తేల్చాల్సిన మాట ఏమిటో మా ఇద్దరికీ తెలుసు, అది ఎవరి నోటి నుంచి రావాలన్నదే తెలీదు. కాటా దగ్గర ఒకసారి అన్నవాణ్ణి నేనే గనక రెండోసారి కూడా నేనే అనడం న్యాయమని, వాల్ట్ గదికి బయల్దేరాను.

నేను లోపలికి వెళ్లేసరికి లిండా అక్కడ నిలబడి ఉంది. బూట్లనిండా తడి నల్లమట్టి.

"ఆ చేను దున్నేశాను," అంది. "పొద్దున్నే డిస్క్ వేసేశాను. తవ్వడానికి ఇంకేం లేదు. మీ మనుషుల్ని పైలర్ దగ్గరికి పంపండి."

వాల్ట్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "ఎవరికి చెప్పావు?"

"మీ ఇద్దరికే. చెబితే రస్ వచ్చి ట్రాక్టరుకి అడ్డం పడుకుంటాడు."

"డ్యాన్‌కి?"

ఆమె కిటికీ వైపు చూసింది. "ఫోన్ చేసినప్పుడల్లా ఆ చేను గురించే అడుగుతున్నాడు. ఇంటి గురించి అడగడు, నా గురించి అడగడు, అది తవ్వావా అని అడుగుతాడు. నా చేత్తో దున్నేశానని అంత దూరంలో వినడం కంటే ఫ్యాక్టరీ వద్దందని వినడం తేలిక. అదే చెప్తాను. కెమిస్ట్ చూసి వద్దన్నాడని." నా వైపు తిరిగింది. "నీకేమైనా అభ్యంతరమా, రావ్?"

"నేను ఆ మాట చెప్పడానికే వస్తున్నాను," అన్నాను. "దారిలో కాస్త ఆలస్యమైంది."

ఆ పూటే పైలర్ మళ్లీ నడిచింది. నేను లిండా ఆఖరి చేను వద్దన్నానన్న వార్త పైలర్ కంటే వేగంగా నడిచింది. రస్ నాతో వారం రోజులు మాట్లాడలేదు, కానీ తవ్వాడు. అందరూ తవ్వారు. ఆ వెంటనే మంచు కురిసి నది పక్క చేను తెల్లగా కప్పుకుపోయింది. కింద దుంపలున్నాయో దున్నిన మట్టి ఉందో చూసిన కంటికి తెలీదు. క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఏ ఉదయమూ కుప్పలోంచి ఆవిరి లేవలేదు. వసంతం దాకా కుప్ప నిలిచింది.

వద్దనే ఉద్యోగం

అమ్మాయ్, నీకు కావలసిన జవాబు ఇక్కడే ఉంది. ఈ ఉద్యోగంలో పరికరాలు నేర్పేవాళ్లు ఉంటారు, పరీక్షలు చెయ్యడం పుస్తకంలో ఉంటుంది. వద్దని చెప్పడం మాత్రం ఎక్కడా ఉండదు. చెడ్డవాళ్లకి వద్దని చెప్పడం తేలికే. మంచివాళ్లకి, నీ మీద ఏ కోపమూ లేనివాళ్లకి, పైగా వాళ్ల బాధ నిజమైనప్పుడు చెప్పాలి. నేను బాగా చెప్పానని అనుకోను. చాలాసార్లు మొరటుగా చెప్పాను, కొన్నిసార్లు ఆలస్యంగా చెప్పాను. నా ఇంగ్లీషు మీద నాకున్న అనుమానం వల్ల పొట్టిగా చెప్పేవాణ్ణి. అదే దృఢత్వమని జనం అపార్థం చేసుకున్నారు, నేను దిద్దలేదు. చలికి మాత్రం మంచి బూట్లు కొనుక్కో. ఫ్యాక్టరీ ఇచ్చేవి చాలవు.

డ్యాన్ మరుసటి వేసవిలో తిరిగొచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకి ల్యాబ్‌కి వచ్చాడు. కిటికీలోంచి చూస్తే బయట ట్రక్కులో లిండా కనిపించింది, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఎటూ చూడకుండా.

"నది పక్క చేను వద్దన్నది నువ్వేనా?"

"నేనే."

"కోసి చూశావా?"

ఆ చేలో దుంప ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. "చూశాను," అన్నాను. కొయ్యని దుంపకి రిజల్ట్ ఇచ్చింది నా ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్కసారే.

"అది మా నాన్న చేను."

"తెలుసు."

చెయ్యి కలపకుండా వెళ్లిపోయాడు. ట్రక్కు కదిలాక మధు లోపలి గదిలోంచి తల బయట పెట్టాడు.

"ఏమన్నడన్నా?"

"దుంపలు బాగున్నాయా అని అడిగాడు."

వాల్ట్ ఈ సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయాడు. నేనిప్పుడు తెలుగులో రాస్తున్నాను గనక డ్యాన్ చదివే ప్రమాదం లేదు. నువ్వు అక్కడికి వెళ్తే, సాహితీ, నీక్కూడా ఈ సంగతి తెలీదు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ప్రతి అక్టోబరులోనూ డ్యాన్ ట్రక్కు కాటా ఎక్కగానే, నేను అడక్కముందే, అతనే ఒక దుంప తీసి నిలువునా కోసేవాడు. చూసి చెప్పమన్నట్టు, మొహం పక్కకి తిప్పుకుని నా చేతికిచ్చేవాడు. ఒక్క ఏడు కూడా చెడ్డ దుంప ఇవ్వలేదు.